నల్లదారం కట్టించుకున్న టిక్కుల పెట్టె

నేను ఒక గైగర్ కౌంటర్ని. కంటికి కనబడని కిరణాలు తగిలితే టిక్కుమంటాను. పుట్టింది బొంబాయిలో. నా కడుపులో ఉన్నదల్లా కాస్త వాయువు, ఒక సన్నతీగ. కడుపులో వాయువుంటే మీరు వాము నములుతారు. నన్ను మాత్రం ఒక వైద్య కళాశాలవారు ముచ్చటపడి కొన్నారు. రైల్లో నా టిక్కులు విని పక్కపెట్టెలో బల్లులు సిగ్గుపడి నోరు మూసుకున్నాయి. నమ్మరా? మానెయ్యండి, నాకేం!

విశాఖపట్నంలో నన్ను డాక్టర్ వకుళాదేవి చేతిలో పెట్టారు. ఆమె కోడిపిల్లలను పెంచి, సగానికి రేడియోధార్మిక భాస్వరం ఎక్కించింది. ఎదిగే ఎముక చివర మెత్తని మృదులాస్థి ఉంటుంది చూశారూ, ఆ మందు పోయి అక్కడ తిష్ఠ వేస్తుంది. దాని ఆచూకీ నేను చెబుతాను. అదే మందును పిల్లల వార్డులో మోకాళ్ళ జబ్బు కనిపెట్టడానికి వాడబోతున్నారు. ఆచూకీకని పంపిన మందే ఎదుగుదలను కొరికేస్తే? ఆమె తేల్చాల్సింది అదీ. గుర్తుకోసం మందెక్కిన కోడిపిల్లల కాళ్ళకు నల్లదారం కట్టింది.

కాళ్ళు కొలవాల్సిన రోజు వచ్చి చూస్తే, అన్ని కాళ్ళకూ నల్లదారాలే!

"పైడమ్మా, ఎవరే కట్టింది?"

మేత వేసే పైడమ్మ మురిసిపోయింది. "నానేనమ్మగోరూ! తమరు కొన్నిటికే దిష్టిదారం కట్టీసి మిగతావోటిని వొగ్గీసినారు. ఆటికి మాత్రం దిష్టి తగల్దేటి?"

"దిష్టికి కాదే తల్లీ! మందెక్కినవేవో గుర్తుకని కట్టాను. ఇప్పుడు ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

పైడమ్మ మొహం వాడిపోయింది. వకుళాదేవి తల పట్టుకుంది. కాసేపటికి గాని నావైపు చూడలేదు. చదువుకున్నవాళ్ళకు ఎదురుగా ఉన్న వస్తువు కనబడాలంటే కొంప మునగాలి.

ముందు కాళ్ళు కొలిచి, పొట్టివాటిని ఒక గంపలో, పొడుగువాటిని ఒక గంపలో వేశారు. తర్వాత నన్ను ఒక్కొక్కదాని మోకాలి దగ్గర పెట్టారు. పొడుగుకాళ్ళ దగ్గర ఎప్పుడో ఒక టిక్కు. అది నా దగ్గులెండి, ఊరికే వస్తుంది. పొట్టికాళ్ళ దగ్గర మాత్రం పోపులో ఆవాల్లా చిటపటలాడిపోయాను. బల్లి పలికినప్పుడు తట్టినట్టు పైడమ్మ వేలితో బల్లను తట్టింది. "నిజివే, నిజివే!"

చూసి రమ్మంటే, ఆ మందు అనే చుట్టం ఇల్లంతా తినేసి కూర్చున్నాడన్నమాట. వార్డుకు బయల్దేరిన మందుసీసాను వకుళాదేవి పరుగెత్తి ఆపింది.

"ఇంత సెప్పింది, దీనికే దిష్టి తగుల్తాది" అంటూ పైడమ్మ నా పిడికి ఒక నల్లదారం చుట్టింది.

ఇప్పుడు నేను కళాశాల అద్దాల బీరువాలో ఉన్నాను. వాయువు తీరిపోయింది గాని దారం తెగలేదు. "ఆ నల్లటిది ఏంటి సార్?" అని కుర్రాళ్ళు అడిగితే కొత్త మాస్టారు తడుముకోకుండా చెబుతారు:

"అదా? ఎర్త్ వైరు!"

ఆ మాటకు నేను టిక్కుమనను. వాయువు ఉన్నా అననుగాక అనను.