దిబ్బకు పోసిన పాలు

"ఎర్ర రిబ్బన్ ఉన్నదాని పాలు విడిగా పితుకు. డబ్బాలో చుక్క పడ్డా మొత్తం వెనక్కి కొడతారు."

భర్త రోజూ గుమ్మంలో నిలబడి ఆవలిస్తూ చెప్పే మాట ఇది. చెప్పక్కర్లేదు నిజానికి. ఆ ఆవుకి పొదుగు వాచిందని ముందు కనిపెట్టింది ఆమె, సూది వేసింది ఆమె, కాలికి రిబ్బన్ కట్టిందీ ఆమే. కానీ ఆ ఇంట్లో పనులు అలా పంచుకున్నారు మరి. చెప్పడం అతని వంతు, చేయడం ఆమె వంతు. ఇరవై రెండు ఆవులకి పేడ ఎత్తి, కుడితి పెట్టి, పాలు పితికి, కొట్టం కడిగి వచ్చేసరికి పొద్దెక్కుతుంది. ఎవరైనా ఇంటికొస్తే అతను వాటిని చూపించి "నా ఆవులు" అంటాడు. ఆమెను చూపించి "మా ఆవిడ, ఇంట్లోనే ఉంటుంది" అంటాడు.

పాల విషయంలో మాత్రం అతన్ని వేలెత్తి చూపడానికి లేదు. మందు వేసిన ఆవు పాలు అయిదు రోజులదాకా డబ్బాలో కలపనివ్వడు. పాలకేంద్రంలో ఎన్ని పరీక్షలు పెట్టినా వాళ్ల డబ్బా ఎప్పుడూ వెనక్కి రాలేదు. మరి ఆ పాలేం చేయాలి? కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె కాలవలో పారబోయబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది. "పాలమ్మా అవి! కాలవపాలు చేస్తావా? దిబ్బ మీద పొయ్యి. ఎరువుకి బలం." పెద్దావిడ మాట కదా అని అప్పట్నుంచీ తొమ్మిదేళ్లుగా బకెట్లకు బకెట్లు పేడదిబ్బ మీదే పోస్తోంది. ఆ ఎరువే పెరట్లో క్యారెట్ మడులకు వేస్తారు. దుంపలు మణికట్టంత లావున ఊరతాయి. అది చూసి ఆమె లోలోపల మురిసిపోయేది కూడా. తన చేతి చలవ అనుకునేది పిచ్చిది.

ఆ మడిలోనే పడింది పిల్ల. ఆరేళ్లది, కాలు ఒకచోట నిలవదు, ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ముందురోజే ఎరువు వేసిన మడిలో క్యారెట్ పీకబోయి పారమీద పడి మోకాలు చీల్చుకుంది. ఆమె కడిగింది, గుడ్డ కట్టింది, ముద్దు పెట్టి పంపేసింది. మూడో రోజుకి మోకాలు బంతిలా వాచింది. వీధి చివరి డాక్టరు సిరప్ ఇచ్చాడు. అయిదో రోజుకి జ్వరంలో పిల్ల తల్లిని గుర్తుపట్టడం మానేసింది.

ఇప్పుడు పిల్లల వార్డులో, కిటికీ పక్క మంచం. మధ్యాహ్నపు ఎండ దుప్పటి మీద పడుతోంది. రెండురోజులుగా ఇంజెక్షన్లు ఇస్తున్నారు, జ్వరం దిగడంలేదు. తొడదాకా ఎర్రగా పాకింది వాపు. నర్సు పొద్దున పెన్నుతో ఆ ఎరుపు చుట్టూ గీత గీసి వెళ్లింది. ఇప్పుడు ఎరుపు ఆ గీత దాటింది. ఆమె ఆ గీతనే చూస్తోంది. కళ్లు తిప్పితే ఇంకా పైకి పాకుతుందేమోనని భయం. అత్తగారు ఫోన్‌లో అన్న మాటలు చెవుల్లోంచి పోవు. "రోజంతా ఇంట్లోనే ఉంటావు గదా, ఒక్క పిల్లని కనిపెట్టుకోలేకపోయావా?" తొమ్మిదేళ్లలో ఆవు ఈనితే ఇంటి పేరు గొప్పదైంది, పంట పండితే భూమి మంచిదైంది. పిల్ల మోకాలు చీరుకుంటే మాత్రం తప్పు ఎవరిదో వెతుక్కునే పనే లేదు ఎవరికీ. తప్పంతా తనదే అని ఆమె కూడా ఒప్పేసుకుంది. ఒప్పుకుంటే పిల్ల కళ్లు తెరుస్తుందంటే వందసార్లు ఒప్పుకుంటుంది.

డాక్టరమ్మ కాగితాలతో వచ్చింది. చిన్న వయసే, కళ్ల కింద నలుపు. అలవాటు కొద్దీ మంచం పక్కనున్న పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"ఇప్పటిదాకా ఇచ్చిన మందుకి ఈ సూక్ష్మజీవి లొంగడం లేదండీ. ఏ మందుకి లొంగుతుందో పూర్తి రిపోర్టు ఎల్లుండి గాని రాదు. అంతదాకా ఆగలేం, రక్తంలోకి పాకుతోంది. పాపని ఇంతకుముందు ఆస్పత్రిలో ఎప్పుడైనా చేర్చారా?"

"లేదమ్మా."

"ఇంట్లో పశువులున్నాయా?"

"పాలవ్యాపారం నాది. పిల్లని కొట్టంలోకి అడుగు పెట్టనివ్వం."

"పశువులకి యాంటీబయాటిక్స్ ఏమైనా వాడతారా?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతను ఛాతీ విరిచాడు. "మా పాలల్లో చుక్క మందు ఉండదు. కేంద్రంలో ఎవర్నైనా అడగండి."

అబద్ధం కాదు, ఆమెకూ తెలుసు. పాలల్లో లేదు. మరి ఆ మందంతా ఎక్కడికి పోయింది?

డాక్టరమ్మ తలూపి నర్సుతో ఇంకో మందు పేరు చెప్పింది, ఇప్పుడే మొదలుపెట్టమంది. నోరు తిరగని పొడుగు పేరు. కానీ ఆ పేరు ఆమెకు కొత్త కాదు. కొట్టం కిటికీలో వరసగా ఉండే సీసాల మీద చదివీ చదివీ నోటికొచ్చేసింది. పశువుల డాక్టరు ఒకసారి రాసిచ్చాడు, తర్వాత ఎవర్నీ అడక్కుండా వీళ్లే తెచ్చి వాడుతున్నారు. రెండేళ్లుగా ఆ మందుకి పొదుగు వాపు తగ్గడం లేదు. నాలుగు సూదులు వేసినా గడ్డ గడ్డలాగే ఉంటోంది. ఆ సంగతి భర్తకు తెలియదు. పొదుగు పట్టుకుని చూసే చేతికి తెలుస్తుంది.

నర్సు తలుపుదాకా వెళ్లిపోయింది.

"ఆ మందు పనిచేయదు" అంది ఆమె. నర్సు ఆగలేదు. మళ్లీ గట్టిగా అంది. "డాక్టరుగారూ, ఆ మందు పనిచేయదు."

భర్త నవ్వబోయాడు. "నీకేం తెలుసు? ఆవిడ డాక్టరు. నువ్వూరుకో."

"సూదులు వేసేది నేను" అంది ఆమె. అతని వైపు చూడలేదు, చూస్తే నోరు పడిపోతుందని తెలుసు. "మా ఆవులకి ఇదే మందు. ఇప్పుడు వాటికే పనిచేయడం లేదు. మందు వేసిన ఆవుల పాలన్నీ దిబ్బ మీద పోస్తున్నా. పేడ కూడా అక్కడికే. ఆ ఎరువు వేసిన మడిలోనే పడింది పిల్ల. నేనే వేశాను ఆ ఎరువు కూడా."

డాక్టరమ్మ నర్సుని ఆగమంది. కుర్చీ లాక్కుని, ఈసారి ఆమె ఎదురుగా కూర్చుంది.

"పశువుల కడుపులోనే కొన్ని క్రిములు మందుకి అలవాటుపడి మొండికేస్తాయమ్మా. పేడతో బయటికొస్తాయి. దిబ్బ సరిగా మాగకపోతే చావవు, ఎరువుతో మట్టిలోకొస్తాయి. నువ్వు పోసిన పాలల్లోని మందుకి మామూలువి చచ్చి, మొండివే మిగిలి పెరిగినట్టున్నాయి. ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదు."

భర్త వంగి చెవిలో గుసగుసగా అన్నాడు. "బుద్ధుందా? ఈ మాట కేంద్రానికి పాకితే పాలెవరు పోయించుకుంటారు? క్యారెట్లెవరు కొంటారు?" ఆమెకు అతని మీద కోపం రావాల్సింది. రాలేదు. అంత తీరిక లేదు లోపల. భయం ఒక్కటే ఉంది, నిలువెత్తున.

డాక్టరమ్మ ఇంకో మందు పేరు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. "ఇంత చిన్నపిల్లకి దీన్ని అంత తేలిగ్గా ఇవ్వం. కిడ్నీల మీద దెబ్బ పడొచ్చు. కానీ మీ కొట్టంలో ఇది ఎప్పుడూ వాడి ఉండకపోతే దీనికి లొంగే అవకాశం ఎక్కువ. వాడారా?"

"నేను వాడలేదు" అంది ఆమె. వెంటనే ఒకటి గుర్తొచ్చింది. నిరుడు అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు నాలుగు రోజులు పుట్టింట్లో ఉంది. కొట్టం చూసుకున్నది అతను. "మీరు వేశారా? ఆ నాలుగు రోజుల్లో?"

అతను కాగితం చూశాడు, పైకప్పు చూశాడు, పిల్లని చూశాడు. మొదటిసారి అతని మొహంలో రంగు పోయింది.

"గుర్తులేదే" అన్నాడు. "పక్కింటి పాలతన్ని పిలిచాను, అతనే వేశాడు. ఏం వేశాడో… నాకేం తెలుసు?"

ఇన్నేళ్లలో అతని నోట ఆ మాట విన్నది ఇదే మొదలు. ఆమె కళ్లు మూసుకుంది. ఊరి నుంచి వచ్చిన సాయంత్రం గుర్తు తెచ్చుకుంది. చీర కూడా మార్చుకోకుండా చీపురు పట్టింది. నాలుగు రోజుల పేడ మోకాలెత్తున ఉంది. గడ్డి కింద ఖాళీ సీసాలు. ఒక్కొక్కటే ఏరింది, ఆవుల కాళ్లకి గుచ్చుకుంటాయని. మూడు. మూడింటి మీదా పాత పేరే. నాలుగోది ఉందా? నీళ్లతొట్టి వెనక చూసిందా? చూసింది. అక్కడ చెంబు దొరికింది, సీసా లేదు. గడ్డివాము పక్కన? అక్కడా ఊడ్చింది. ప్రతి మూలా ఊడ్చింది, ఎవరూ చూడని మూలలు కూడా.

పిల్ల మూలిగింది. ఎరుపు ఆ పెన్ను గీత దాటి ఇంకో వేలెడు పైకి పాకింది.

డాక్టరమ్మ పెన్ను పట్టుకుని ఆమె వైపే చూస్తోంది. భర్త కూడా ఆమె వైపే చూస్తున్నాడు.

"వాడలేదు" అంది ఆమె. "ఆ మందే వెయ్యండి."