కుట్లు లేని ఆపరేషను

కళుగుమలై కొండ మొదలుకొని విరుదునగర్ మిరపకాయల మండీల దాకా ఎవరినైనా అడగండి, మూత్రపిండంలో రాయి పెట్టుకొని నల్లరేగడి దున్నిన మొనగాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే, రంగప్పను. రాయంటే ఆవగింజో పెసరగింజో అనుకునేరు. చింతగింజ! నొప్పి వచ్చినప్పుడు నా మొహం చూసి ఎద్దులే భయపడి, అదిలించకుండానే సాలు తిరిగేవి. పొద్దుగూకేదాకా దున్ని, ఇంటికొచ్చి సజ్జసంగటి తిని, మర్నాడు మళ్ళీ మడక కట్టాను.

ఈ కథ నేను మొదట చెప్పినప్పుడు మా అన్న కొడుకు హరికృష్ణన్‌కి మీసం రాలేదు. ఇప్పుడా మీసం నెరుస్తోంది, కథకు మాత్రం ముసలితనం రాలేదు. నేను లేనప్పుడు కూడా అది మా అన్నగారి ఇంట్లో దానంతటది తిరుగుతూనే ఉండేది. తిరిగి తిరిగి చివరికి హరికృష్ణన్ పెళ్ళాం బృంద నెత్తిన ఎట్లా ఎక్కి కూర్చుందో చెబుతాను. ఆమె మనసులో మాట నాకెట్లా తెలుసంటారా? కొంత ఆమే చెప్పింది. ఆమె చెప్పనిది, మా ఆవిడ బతికినన్నాళ్ళూ నాకు చెప్పకుండా దాచిపెట్టుకున్నదే.

ఆ రోజు బృంద వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని అరటిదూట తరుగుతోంది. దూట తరగడం తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, అది కూర కాదు, కొలువు. ఒక్కో చక్రం కోసినప్పుడల్లా సాలెగూడులాంటి నార వస్తుంది. దాన్ని వేలికి చుట్టి లాగాలి, ముక్కల్ని మజ్జిగనీళ్ళలో వెయ్యాలి, లేకపోతే నల్లబడతాయి. తర్వాత రుబ్బాలి, పిండాలి, వడగట్టాలి. రాళ్ళకు దూట రసం మంచిదని మా కోవిల్‌పట్టి చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకని ఆమెను చూడవచ్చిన ప్రతివాళ్ళూ తలా ఒక దూట మోసుకొచ్చారు. తరిగేవాళ్ళను మాత్రం ఎవరూ వెంటబెట్టుకు రాలేదు.

బృందకు విరుదునగర్‌లో రాయి ఆపరేషనయి వారం దాటింది. మత్తిచ్చి, మూత్రం వచ్చే దారిలోంచే సన్నని గొట్టం పంపి, లేజరుతో రాయిని పిండి చేశారు. వాచిన దారి మూసుకుపోకుండా లోపల ఒక మెత్తని గొట్టం వదిలారు, కొన్నాళ్ళయ్యాక తీస్తారట. డాక్టరమ్మ చిన్నపిల్ల. ఇంటికి పంపేటప్పుడు అరవంలో నిదానంగా చెప్పింది. నీళ్ళు బాగా తాగండి. బరువులెత్తొద్దు. గొట్టం ఉన్నన్నాళ్ళూ అలసటగా ఉంటుంది, తీశాక కూడా కొన్నాళ్ళుంటుంది. అలసటగా ఉన్నప్పుడు పడుకోండి. నీళ్ళ సంగతి హరికృష్ణన్ విన్నాడు. పడుకోమన్న మాట దగ్గరికి వచ్చేసరికి అతను మందులు కొనడానికి లేచి వెళ్ళాడు. ఆ మాటకు సాక్షి బృంద ఒక్కతే.

ఆ అలసట ఎలాంటిదో చెప్పడానికి ఆమెకు మాట దొరకలేదు. పని చేస్తే వచ్చే అలసట ఆమెకు పుట్టింటి చుట్టం, దాని అడుగుల చప్పుడు కూడా తెలుసు. రాత్రి నిద్రపోతే పొద్దున్నే సెలవు తీసుకునే చుట్టం అది. ఇది అది కాదు. బోరుబావిలో నీళ్ళు అడుగంటినప్పుడు పైన మోటారు తిరుగుతూనే ఉంటుంది, గొట్టం వణుకుతూనే ఉంటుంది, తొట్టిలో చుక్క పడదు. ఆమె ఒళ్ళు అట్లా తిరుగుతోంది. ఎవరింటి మోటారో అన్నట్టు ఆమె దాన్ని పక్కన నిలబడి చూస్తోంది. వంగితే లోపల గొట్టం ఎక్కడో పట్టి లాగుతుంది. ఎక్కువసేపు నిలబడితే మూత్రం ఎర్రగా వస్తుంది. నీళ్ళు తాగమన్నారు కదా అని తాగితే వెంటనే వెళ్ళాలి, వెళ్ళిన ప్రతిసారీ ఆఖరి చుక్కతో నడుము దాకా ఒక మంట ఎగబాకుతుంది. అది దిగేదాకా తలుపు గడియ పట్టుకుని నిలబడి, తర్వాత మొహం కడుక్కుని బయటికి వస్తుంది. కడుక్కున్న మొహం చూసి అందరూ తేరుకుందనుకుంటారు.

పైగా చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేకపోయింది. చూడవచ్చినవాళ్ళకి ఏదో ఒకటి చూపించాలి కదా. "ఏడ కోసినారు?" అని అడుగుతారు. కొయ్యలేదంటుంది. "కుట్లెన్ని?" లేవంటుంది. "పోనీ రాయి? సీసాలో ఏసి ఇచ్చినారా?" పిండయిపోయిందంటుంది. వచ్చినవాళ్ళ మొహాలు చిన్నబోతాయి, ఎద్దుల పందెం ఉందని బస్సెక్కి వచ్చి లేదని తెలిసినట్టు. "కుట్టే లేదు, ఇది ఆపరేషన్ కిందికే రాదు" అని హరికృష్ణన్ అందరికీ చెప్పేవాడు. అతను దుర్మార్గుడు కాడు, భార్యకు ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాడు. బృంద అత్తగారు, మా వదిన రాజమ్మాళ్ అయితే ధైర్యం దగ్గర ఆగలేదు. "మీ చిన్నమామ రాయిని మోసుకొనే మడక దున్నినాడు. నీకు రాయి పోయింది గదమ్మే, ఇంకేంది బాద?"

మా ఇంట్లో ఆడవాళ్ళు పగటిపూట పడుకునే సందర్భాలు రెండే. ఒకటి పురుడు. రెండోదానికి మేమే పడుకోబెడతాం. ఈ రెంటికీ మధ్య నడుం వాల్చిన ఆడదాన్ని నేను చూడలేదు. బృంద కోరుకున్నదల్లా ఆ మధ్యలో ఒక్క మధ్యాహ్నం. తలుపు చేరవేసుకుని, ఎవరూ పిలవకుండా, తనంతట తనకు మెలకువ వచ్చేదాకా నిద్ర. ఆమె పడుకోబోయినప్పుడల్లా వాకిట్లో చెప్పుల చప్పుడయ్యేది. హార్లిక్స్ సీసాతోనో బత్తాయిలతోనో ఎవరో వచ్చేవాళ్ళు. జబ్బుమనిషిని చూడవచ్చినవాళ్ళకు జబ్బుమనిషే లేచి కాఫీ కలపాలి. వాళ్ళు తాగుతూ, రెస్టు తీసుకోమని చెప్పి వెళ్ళేవాళ్ళు.

అసలు ఆ రాయి ఎక్కడ పుట్టిందో కూడా ఆమెకు తెలుసు. విరుదునగర్‌లో నాగరాజన్ అనే ఆయన మిరపకాయల మండీలో ఆమె బిల్లులు కొడుతుంది. పొద్దున్నే రైలెక్కి పోయి దీపాలవేళకి వస్తుంది. మండీలో ఆడమనిషి ఆమె ఒక్కతే. గోడౌను వెనక ఉన్న మరుగుదొడ్డి తాళంచెవి యజమాని బల్ల వెనక మేకుకు వేలాడుతుంది. హమాలీలు, దళారులు, కొనుగోలుదార్లు అందరి మధ్యా నడిచి వెళ్ళి, ఆ చెవి అడగాలి. మొదట్లో అడిగేది. ఒకసారి ఆయన లెక్కలోంచి తలెత్తకుండా, "మళ్ళీనా?" అన్నాడు. ఎవరో నవ్వారు. ఏమంత పెద్ద మాట కాదు, తిట్టు అసలే కాదు. ఆ మర్నాటినుంచి ఆమె ఇంటినుంచి నింపుకెళ్ళిన నీళ్ళ సీసా నిండుగానే ఇంటికి తిరిగొచ్చేది. మిరపఘాటుకు గొంతు మండిపోతున్నా పెదవులు తడుపుకుని ఊరుకునేది. "నీళ్ళు తాగరా మీరు?" అని డాక్టరమ్మ అడిగితే, "తాగుతాను" అంది. పక్కన భర్త ఉన్నాడు. తాళంచెవి కథ చెబితే అతను "అడిగితే ఏమయ్యేది?" అంటాడు. ఏమయ్యేదో చెప్పడానికి అక్కడ కూడా కుట్లు లేవు.

ఆ పొద్దున నాగరాజన్ ఫోన్ చేశాడు. "కుట్లు కూడా లేవంట గదమ్మా, మీవారు చెప్పినారు. సోమవారం వచ్చేస్తారు గదా?" అని అరవంలో ఆదరంగానే అడిగాడు. ఆమె ఏమీ అనకముందే "సరేమ్మా" అని పెట్టేశాడు.

ఆ మధ్యాహ్నమే నేను వెళ్ళాను. నాతో పక్కవీధి తంగసామి వచ్చాడు, చేతిలో ఇంకో దూట.

"ఏమ్మా బృందా, ఎట్లుండావు?" అన్నాను.

"బాగుండాను చిన్నమామా" అంది, గోడ పట్టుకుని లేస్తూ.

"కాపీ కలపమ్మే" అంది మా వదిన తిన్నె మీదనుంచి. "ఒళ్ళు కాస్త కదిలితే అదే తేరుకుంటాది."

తిన్నె మీద చేరాం. హరికృష్ణన్ కూడా వచ్చి కూర్చున్నాడు. తంగసామి తొడ చరిచి, "రాయంటే మా రంగప్పన్నదే రాయి! చెప్పన్నా, విని శానా దినాలయింది" అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? ఎత్తుకున్నాను. ఆ రోజు చింతగింజ పనసగింజయింది. ఎద్దులు సాలు తిరగడమే కాదు, నా బాధ చూడలేక కన్నీళ్ళు పెట్టుకున్నాయి కూడా.

లోపల బృంద పొయ్యి ముందు నిలబడి, ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని పాలు పొంగడం కోసం చూస్తోంది. ఆ కథ ఆమె ఎన్నిసార్లు విందో. ఆ రోజు మాత్రం ఆ కథలోకి కొత్త ఊళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళి చుట్టూ చూసింది. ఎద్దులున్నాయి, మడక ఉంది, నేల ఉంది, రాయి ఉంది, మొనగాడున్నాడు. ఇంకెవరూ లేరు. సంగటి ఉంది, వండినవాళ్ళు లేరు. పాలు పొంగాయి. దించి, కాఫీ కలిపి, గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని తిన్నె మీదికి వచ్చింది. నా ముందు పళ్ళెం పట్టుకుని, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"చిన్నమామా, ఆ పొద్దు చిన్నత్త ఏం చేస్తుండె?"

ఇన్నేళ్ళుగా కథ చెబుతున్నాను, ఆ మాట ఎవరూ అడగలేదు. మా ఆవిడ గురువమ్మాళ్ పోయి కూడా చాన్నాళ్ళయింది. నాకు నవ్వొచ్చింది.

"ఏం చేస్తాది? మడక పట్టింది" అన్నాను.

తంగసామి గ్లాసు నోటి దగ్గరే ఆగింది.

"ఇంకేం దాచేది, చెబుతా వినండి. ఒక్క సాలు కూడా తిరగలే నేను. గట్టుమీద పడి దొర్లినా. తువ్వాలు నోట్లో కుక్కుకొని మా అమ్మను పిలిచి ఏడ్చినా. నేల పదునుమీద ఉండాది, ఆ పొద్దు దున్నకపోతే ఆరిపోతాది. మా ఆడది కొంగు నడుముకు చెక్కి మడక పట్టింది. ఆడది మడక తాకితే నేలకు అరిష్టమనే కాలం గదా, ఊళ్ళో తెలిస్తే పంచాయితీ. అందుకని నేనే దున్నినానని చెప్పుకొంటిమి. చెప్పగా చెప్పగా నాకే నమ్మకం కుదిరింది. రాయంటారా, నువ్వుగింజ కూడా లేదు. అది పడిపోయినాక కూడా నెల్లాళ్ళు మంచం దిగలే."

తంగసామికి కాఫీ ముక్కులోకి పోయింది. "చిన్నాయనా, ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేస్తివే!" అని హరికృష్ణన్ కడుపు పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. పోనీలే, ఈ పిల్ల నెత్తిమీద బరువు దించాను, ఇక ఆ కథతో దీన్ని పొడిచేవాళ్ళుండరు అనుకున్నాను.

మా వదిన నవ్వలేదు.

"చూసినావా బృందా" అంది. "మొగుణ్ణి చూసుకొని, మడక పట్టి, ఇంటికొచ్చి వండి పెట్టినాది గురువమ్మాళ్. ఒక్క పొద్దన్నా నడుం వాల్చిందా? ఆడదంటే అట్లుండాల."

నేను దించిన మూటను మా వదిన ఎత్తి మళ్ళీ అదే నెత్తిన పెట్టింది, ఈసారి ఇంకాస్త బరువుగా. దున్నింది మగవాడైతే అతనిలా ఉండాలి. ఆడదైతే ఆమెలా ఉండాలి. ఎవరు దున్నినా పాఠం తనకే. బృందకు కోపం రాలేదు. లెక్క ఇన్నాళ్ళకు తెగిందన్నట్టు తల ఊపింది.

"ఎప్పుడు వాల్చింది అత్తా?"

"ఏంది?"

"చిన్నత్త. నడుం ఎప్పుడు వాల్చింది?"

ఎప్పుడో నాకు తెలుసు, మా వదినకూ తెలుసు. పోయిన రోజు మధ్యాహ్నం గురువమ్మాళ్ పగలే పడుకుందేమిటని వింతపడి లేపబోయింది మా వదినే. నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

బృంద ఖాళీ పళ్ళెం గోడకు ఆనించింది. కడవలోంచి చెంబెడు నీళ్ళు ముంచుకుని నిలబడే తాగింది, తొందర లేకుండా, చివరిదాకా. తర్వాత భర్తతో అంది. "సోమవారం రానని నాగరాజన్‌కు మీరే చెప్పండి. కుట్లు లేవని చెప్పింది మీరే గదా. గొట్టం తీసి, ఒళ్ళు బాగయినాక వస్తానని చెప్పండి. వచ్చినాక ఆ దొడ్డి తాళంచెవి నా దగ్గరే ఉంటాదని కూడా చెప్పండి."

"ఏం తాళంచెవి?" అన్నాడు హరికృష్ణన్.

"ఆయనకు తెలుసు. దూట సగం తరిగి ఉండాది. నేను పడుకొంటా."

నడవలో గదిలోకి వెళ్ళి, చాప పరుచుకుని, తలుపు చేరవేసింది. బయట గ్లాసులు కింద పెడుతున్న చప్పుడు వినగానే, కడగాలి కదా అని, ఆమె మోకాళ్ళు వాటంతటవే లేచాయట. లేస్తున్న మోకాళ్ళను ఆమె కాసేపు చూసింది. తర్వాత చేత్తో మెల్లగా కిందికి నొక్కి, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది.

అంతలో వచ్చింది వాన. ఎట్టయాపురం దిక్కునుంచి ఏనుగుల మందలాగా మబ్బులు దిగాయి. ఒక్కో చినుకు కొబ్బరిచిప్పంత. మిద్దెమీద ఎండబెట్టిన మిరపకాయలు! మా వదిన తలుపు మీద రెండు చేతులా బాదింది. "బృందా, లెయ్యమ్మే, సంవత్సరం కాపు కొట్టుకుపోతుండాది!" తలుపు తెరుచుకోలేదు. హరికృష్ణన్ గోతాలు పట్టుకుని పరుగెత్తాడు. నేను ఈ వయసులో మెట్లెక్కి పంచెలోకి ఎత్తాను. తంగసామి మిరపచేత్తో కన్ను తుడుచుకుని మిద్దెమీద చేసిన ఆట ఏ తిరునాళ్ళలోనూ చూడలేరు. తడిసి, తుమ్మి, మండి, మేము కిందికి దిగేసరికి గదిలోంచి సన్నని గురక వినిపిస్తోంది. దీపాలు పెట్టినాక ఆమె తనంతట తనే లేచి, వంటింట్లో నీళ్ళు తాగి, మళ్ళీ వెళ్ళి పడుకుంది.

ఇందులో వాన ఒక్కటి నేను కల్పించింది. ఆ నెలంతా మా ఊరిమీద గుడ్డపీలికంత మబ్బు కూడా రాలేదు. మిరపకాయలు హాయిగా ఎండుతూనే ఉన్నాయి. ఎవరూ తలుపు బాదలేదు, ఏదీ కొట్టుకుపోలేదు. అసలేమీ జరగలేదు. కానీ ఏమీ జరగని ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఇంతమంది ఉండగా, ఒక కోడలు ఒట్టి అలసటకే తలుపు చేరవేసుకుని నిద్రపోయిందంటే మా వైపు ఎవరూ నమ్మరు. వాన పడిందంటే నమ్ముతారు.