శనివారం సాయంత్రం మూసిన వీధి

ఊరి బయట రెడ్డియార్‌పాళయం దారిలో పెద్ద పెద్ద షాపులు లేచాక, పుదుచ్చేరి నడిబొడ్డున లీలమ్మ బట్టల అంగడి ఉన్న వీధికి జనం రావడం తగ్గింది. 2006 నాటికి సగం అంగళ్లకు షట్టర్లు దిగిపోయాయి. శనివారం సాయంత్రాలు బండ్లు ఆపేసి, దీపాలు పెట్టి, కురుచికుప్పం జాలరి ఆడవాళ్లతో చేపల వేపుడు అమ్మిస్తే కుటుంబాలు నడిచి వస్తాయని ఆమె వీధివాళ్లను ఒప్పించింది. ఒప్పుకోనిది ఇనుప సామాను అమ్మే పట్టాభిరామన్ ఒక్కడే.

మొదటి శనివారం జనం వస్తున్న వేళకు అతని లారీ వచ్చి వీధి మొదట్లో అడ్డంగా నిలిచింది. డ్రైవరు తాళం తీసుకుని ఎటో వెళ్లిపోయాడు. రెండో కొస కాలువ పనికి తవ్వి ఉంది. పిల్లలతో వచ్చినవాళ్లు లారీ అవతలే ఆగిపోయారు. నలుగురు కుర్రాళ్లు లారీ అద్దాలు పగలగొట్టడానికి రాళ్లు తీశారు. వాళ్లను ఆపి లీలమ్మ ఒక్కతే అతని అంగట్లోకి వెళ్లింది.

"ఏందన్నా ఇది? బండి తీయించు."

"తీయను. పైన నా పెండ్లాంకు ఊపిరాడకపోతే, ఈ జనంలో ఆటో యాడనుంచి వచ్చేది?"

అతని భార్య చిన్నమ్మాళ్‌కు ఉబ్బసమని వీధికంతా తెలుసు. లీలమ్మకు ఆ ఆలోచనే రాలేదు.

"ముందే చెప్పుంటే దారి వదిలుందుము కదన్నా."

"మీటింగులో చెప్పబోతే, బేరం పోతుందని ఏడుస్తాడని నవ్వినారు. నువ్వూ నవ్వినావు."

అంతలో పైన ఏదో పడిన చప్పుడైంది. ఇద్దరూ మెట్లెక్కి పరుగెత్తారు. చిన్నమ్మాళ్ మంచం కోడు పట్టుకుని ఊపిరికి పెనుగులాడుతోంది. పెదవులు నల్లబడ్డాయి. పట్టాభిరామన్ కిటికీలోంచి డ్రైవరును కేకేశాడు. ఎవరూ పలకలేదు.

"కుర్చీలో కూచోబెట్టు, సీక్రం," అంది లీలమ్మ.

రాళ్లు తీసిన కుర్రాళ్లే కుర్చీని కిందికి మోసుకొచ్చారు. లారీకీ గోడకీ మధ్య కుర్చీ పట్టే సందు లేదు. లారీ పక్క పలకలు రెండువైపులా దించారు. వేపుడు అమ్మే ఆడవాళ్లు ఇద్దరు పైకెక్కి, చేపల బుట్టలెత్తే చేతులతో కుర్చీని అందుకుని, అవతలివాళ్లకు దించారు. వెనకే తన లారీ తనే ఎక్కి దాటిన పట్టాభిరామన్ ఎవరి మొహమూ చూడలేదు. అవతల పిలిచిన ఆటోలో వాళ్లతోపాటు లీలమ్మ కూడా ఎక్కింది.

ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టాక చిన్నమ్మాళ్ ఊపిరి కుదుటపడింది. లీలమ్మ, పట్టాభిరామన్ వరండాలోకి వచ్చారు.

"నవ్వింది తప్పే అన్నా," అంది లీలమ్మ.

"లారీ పెట్టింది నేను," అన్నాడు అతను.

తర్వాతి శనివారం వీధిలో ఒక పక్క ఆటో పట్టేంత దారి వదిలి తాడు కట్టారు. ఆ తాడు దాటి బల్ల వేసిన ప్రతివాడితోనూ పట్టాభిరామన్ తగువులాడేవాడు. అయినా రెండు అంగళ్లు ఊరి బయటికే పోయాయి. కానీ దీపావళి ముందు, చాలాకాలంగా మూతబడ్డ గాజుల అంగడి షట్టరు లేచింది.