గంట పగిలిన ఏడు

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. తప్పులుంటే మన్నించండి. ఈ కాస్త రాయడానికే చలికాలమంతా పట్టింది. ఇందులో లేనీ నేనే. ‘నేను’ అని రాయబోతే చెయ్యి సాగడం లేదు.

లేనీ, ఆమె మొగుడు ఆపూల్స్ ద్రాక్షతోటలో కూలి మానేసి, చనిపోయిన మామగారి కొండవాలుకు వచ్చి చేరారు. వాలంతా చక్కెరపొదలే. పూలు కోసి పట్నానికి పంపితే ఇల్లు గడుస్తుంది. పొదలు ముదిరి కొమ్మలు వంకరపోతే వాలుకు నిప్పు పెడతారు. వేడికి ఎండుకాయలు విచ్చుకుంటాయి, వానకు విత్తనాలు మొలుస్తాయి. అయితే పదేళ్లు నిండని పొదలో విత్తనం గట్టిపడదు. అందుకే ముందుగా కొమ్మకు కణుపులు లెక్కపెడతారు, ఏడాదికో కణుపు చొప్పున.

"ఎన్నే?" కిందినుంచి అరిచాడు ఆపూల్స్.

"పది!" పొదల్లోంచి అంది లేనీ.

"కొట్టం తలుపు మీద నాన్న ఏదో రాసిపెట్టాడు. ఎవరిచేతైనా చదివిద్దామే."

"చదివేవాళ్లు చర్చి దగ్గరున్నారు. తలుపు ఊడబీకి మోసుకెళ్తావా? పదిదాకా లెక్కపెట్టడానికి నేను చాలనా?"

"వద్దులే, తలుపు బరువు. నీ నోరే తేలిక" అని నవ్వి నిప్పు అంటించాడు. ఆరేళ్ల కూతురు దీనా చప్పట్లు కొట్టింది.

వానలకు గడ్డి వచ్చింది, రెల్లు వచ్చింది. చక్కెరపొద రాలేదు. మరుసటేడూ రాలేదు. ఆపూల్స్ మోకాళ్ల మీద కూర్చుని మట్టిని వేళ్లతో కెలికేవాడు.

"నిద్రపోతున్నాయే విత్తనాలు. లేస్తాయిలే" అనేవాడు. లేనీని ఒక్క మాట అనలేదు.

మూడో ఏడు మళ్లీ ద్రాక్షతోట కూలికి పోయి, అక్కడే దగ్గుతో కన్నుమూశాడు.

వానలు బాగా పడ్డ ఏడు పొద రెండేసి కణుపులు వేస్తుందని పక్కలోయ సీనా ఆంటీ చెప్పింది. లేనీ నమ్మలేదు. నమ్మితే బతకడం కష్టం.

చాలా ఏళ్లకు, చర్చిలో ఆడవాళ్ల బడికి పోయి నాలుగక్షరాలు నేర్చుకున్నాక, ఆ తలుపు ముందు నిలబడింది. మామగారు ఏడాదిని అంకెల్లో రాసే మనిషి కాదు. వేలు పెట్టి కూడబలుక్కుంది.

‘గంట పగిలిన ఏడు వాలు కాల్చాము.’

చర్చి గంట పగిలింది దీనా బాప్తిస్మం నాడు, అది నెలల పిల్లగా ఉన్నప్పుడు.

ఈసారి కణుపులు లెక్కపెట్టే పనిలేదు. లేనీ బొగ్గుముక్క తీసి, మామగారి రాత కింద తన మొదటి వాక్యం రాసింది.

‘ఆరేళ్లకే కాల్పించింది లేనీ. ఆపూల్స్ కాదు.’

— లేనీ యోర్స్ట్, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు బ్రెడాస్‌డార్ప్‌లో, దీనా ఇంట్లో.