షువా నారలంగా

బ్లియా సంచి సర్దుతోంది. అడుగున ఒక తువ్వాలు, దానిమీద అరిటాకులో కట్టిన అన్నం పొట్లం, పక్కన సూదుల డబ్బా, చిన్న కత్తెర. పైన చాలా ఖాళీ ఉంచింది. అది లంగా కోసం.

కొండజనం బట్టలు దాచిపెట్టే మ్యూజియం తలుపులు ఇంకా తీయలేదు. రోజూలాగే నేల తుడిచి, కిటికీ దగ్గర బల్లమీద నిన్న సగంలో ఆపిన అతుకుపని తెరిచి పెట్టింది. తర్వాత గాజుపెట్టె అద్దం పక్కకు జరిపి, కొక్కేలకు వేలాడుతున్న లంగాని రెండు చేతులమీదకి దించుకుంది. నీలిమందులో ముంచిన నారగుడ్డ. మైనంతో గీసిన నత్తగుల్ల చుట్టలు, అంచున ఎర్రగుడ్డ ముక్కల కుట్టు, అయిదువందల పైచిలుకు కుచ్చిళ్ళు. కుచ్చిళ్ళు విడిపోకుండా మూడు వరసలు వదులుగా దారం లాగి, లంగాని గట్టిగా చుట్టి సంచిలో పెట్టింది.

తెల్లవారుజామున కొండమీది ఊరినుంచి ఫోన్ వచ్చింది. చేసింది షువా కోడలు బావో.

"పిన్నీ, మా అత్త అన్నం మానేసి మూడు రోజులైంది. నా లంగా ఏదే, నా లంగా ఏదే అని ఒకటే గొడవ. నువ్వు మాటిచ్చావంట కదా?"

ఇచ్చింది. తొమ్మిదేళ్ళ కిందట మ్యూజియంలో అలాంటి లంగా ఒక్కటీ లేదు. బ్లియా కొండెక్కి వెళ్ళి అడిగింది. షువా దాన్ని తన చావుకోసం తానే నేసుకుంది. పోయినవాళ్ళు తాము బతికిన ఊళ్ళన్నీ వెనక్కి నడుచుకుంటూ పుట్టిన ఇంటికి చేరాలి, అక్కడినుంచి పెద్దల దగ్గరికి పోవాలి. నార కట్టుకోకుండా వచ్చినవాళ్ళని పెద్దలు గుర్తుపట్టరు. "నీకు వేళ దగ్గరపడితే నా చేతులతో తెచ్చిస్తాను" అని బ్లియా చెప్పాకే షువా దాన్ని పెట్టెలోంచి తీసింది.

మెట్లమీద చెప్పుల చప్పుడైంది. మ్యూజియం బాధ్యత చూసే ఖామ్‌లా వచ్చింది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. మంచి పిల్ల. ఖాళీ గాజుపెట్టెని చూసింది, సంచిని చూసింది.

"అక్కా, అది మనకి దానమిచ్చినట్టు రిజిస్టర్లో రాసుంది."

"రాసినవాళ్ళకి తెలీదమ్మా. దానం కాదు. తిరిగిస్తానని నేను మాటిచ్చి తెచ్చాను."

"పైవాళ్ళని అడుగుతాను, ఉత్తరం రాస్తాను. ఒక్క నెల ఆగు."

"నెలపాటు ఆగమని ఆమెకి నువ్వు చెబుతావా?"

ఖామ్‌లా గుమ్మంలోనే నిలబడింది. "తీసుకెళ్తే నిన్ను మళ్ళీ పనిలో ఉంచనివ్వరు. నా చేతిలో ఉండదు."

"తెలుసు" అంది బ్లియా. మెడలోని తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది. పందొమ్మిదేళ్ళుగా అది అక్కడే వేలాడింది. ఖామ్‌లా కాసేపు తాళంచెవి వంక చూసి, పక్కకి తప్పుకుంది.

ఈ పందొమ్మిదేళ్ళలో బ్లియాని ఎవరూ సరిగా చూడలేదు. చూడవచ్చినవాళ్ళు ఆమె తలమీదుగా గోడవైపు చూసేవారు. వంగి వంగి భుజాలు ముందుకు పడ్డాయి, కుడిచేతి చూపుడువేలు కొస మొద్దుబారింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. గోడమీది చీటీలు చూసి చదువు నేర్చుకుంది. పురుగు కొట్టిన గుడ్డకి, ఎలుక కొరికిన గుడ్డకి తేడా వేలితో తడిమి చెప్పగలదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గుర్తొచ్చింది. వేలాడదీయడానికని నడుంపట్టీకి తానే ఇనప కొక్కేలు కుట్టింది. పోయినవాళ్ళతో ఇనుము వెళ్ళకూడదు, శవపేటికకి కూడా మేకు కొట్టరు. సంచి ఒళ్ళో పెట్టుకుని, పట్టీ వరకు బయటికి లాగి, కుదుపు కుదుపుకీ ఆగుతూ కుట్లు విప్పింది. కొక్కేల్ని ఒక్కొక్కటే కిటికీలోంచి నదివైపు విసిరింది. పక్కన కూర్చున్న ముసలాయన అన్నాడు, "ఏంటమ్మా, చేపలు పడతన్నావా?"

ఆమె నవ్వలేదు. తన తల్లి గుర్తొచ్చింది. యుద్ధం రోజుల్లో అడవిదారిలో పోయింది తల్లి. అప్పటికి బ్లియాకి పద్నాలుగేళ్ళు. కట్టడానికి నార లేదు. విమానంలోంచి బియ్యం బస్తాలు దించిన పారాచూట్ గుడ్డ ఉంటే అందులోనే చుట్టి పాతిపెట్టారు. తెల్లగా, జారిపోయే గుడ్డ. అందులో వచ్చిన మనిషిని ఏ పెద్దలు గుర్తుపడతారు? నలభై ఏళ్ళుగా ఈ ప్రశ్న వేరే ఎవరినీ అడగలేదు.

బస్సు దిగి కొండెక్కేసరికి మధ్యాహ్నం దాటింది. షువా మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎముకలు, చర్మం, రెండు కళ్ళు. బావో లేపి కూర్చోబెట్టింది.

"వచ్చావా? నీకోసం చావకుండా కూర్చున్నా" అంది షువా.

"వచ్చాను పిన్నమ్మా. ఇదిగో."

షువా లంగాని ఒళ్ళోకి లాక్కుంది. కళ్ళు ఆనవు, వేళ్ళతోనే చూసుకుంది. నత్తచుట్టలు, ఎర్ర అంచు, ఆ తర్వాత నడుంపట్టీ చుట్టూ నెమ్మదిగా. ఒకచోట వేలు ఆగింది.

"ఇదేంటే?"

బ్లియా వంగి చూసింది, కొక్కెం. నాలుగు కుట్టింది, మూడే విప్పింది.

"అక్కడ కూడా నన్ను గోడకి తగిలిద్దామనా? చూడ్డానికి టికెట్ పెడతావా?" షువా నవ్వబోయి దగ్గింది. బావో కూడా నవ్వింది. బ్లియా కత్తెర తీసి ఆ కొక్కెం కుట్లు కోసేసింది. పట్టీ లోపల కుట్టిన మ్యూజియం అంకె గుడ్డముక్క కూడా తీసేసింది.

బావో గంజి కాచడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. బ్లియా మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"పిన్నమ్మా, ఒక మాట."

"అడుగు. తొందరగా."

"దారిలో ఎక్కడైనా తెల్లగుడ్డ కట్టుకున్న ఆడమనిషి కనిపిస్తే... లోపలికి రానివ్వక బయట నిలబెట్టి ఉంటే... మా అమ్మ. నీ వెనకాలే తీసుకెళ్ళు. నీ మనిషని చెప్పు."

షువా లంగా అంచు తడుముతూ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకుంది బ్లియా.

"తెల్లగుడ్డవాళ్ళు బోలెడంతమంది ఉంటారే పిల్లా అక్కడ" అంది షువా. "మా చెల్లెలు కూడా అలాగే పోయింది. ఆమె పేరు?"

"యెంగ్. ఎడమచెంప మీద మచ్చ."

"యెంగ్" అని షువా మరోసారి అంది, మరిచిపోకుండా ఉండటానికి. "పేరు గుర్తురాకపోతే అందర్నీ పిలుచుకుపోతాలే. లంగా వెడల్పుగానే ఉంది."

ఎండ వాకిట్లోంచి జరిగి గోడెక్కుతున్నప్పుడు షువా పోయింది. గంజి గిన్నె బావో చేతిలోనే ఉంది. ఇద్దరూ కలిసి వేడినీళ్ళతో ఒళ్ళు తుడిచారు. లంగా కట్టి, బ్లియా కుచ్చిళ్ళ దారాన్ని ఒక్కొక్క వరసే లాగేసింది. కుచ్చిళ్ళు విచ్చుకున్నాయి.

నాలుగో రోజు చావుడప్పు ఆగింది. పాతిపెట్టి తిరిగొస్తూ బ్లియా ఇంటి వెనక నిలబడింది. షువా చల్లిన నారచేను నడుమెత్తు పెరిగి ఉంది.

"ఇదెవరు కోస్తారు, ఎవరు వలుస్తారు?" అంది బావో. "నాకు రాదు. అత్త తిట్టీ తిట్టీ వదిలేసింది."

"నాకు లంగా లేదు" అంది బ్లియా.

బావో ఆమెను ఎగాదిగా చూసింది. "అయితే ఉండిపో పిన్నీ. అత్త మంచం ఖాళీయేగా."

మ్యూజియంలో ఖామ్‌లా ఆ గాజుపెట్టెని వెంటనే తీయించలేదు. వెనక బిగించిన పసుపుగుడ్డ తొమ్మిదేళ్ళ వెలుతురికి వెలిసి తెల్లబారింది. లంగా కప్పినంత మేర మాత్రం కొత్తగుడ్డలా రంగు నిలిచి ఉంది. వచ్చినవాళ్ళు అక్కడ ఆగి, ఆ ఆకారాన్నే కాసేపు చూసి వెళ్ళేవారు. 2011 జూన్ 14, మంగళవారం ఉదయం వెళ్ళిన బ్లియా మళ్ళీ రాలేదు.