రాజీ గదిలో అక్సా

ఆ రోజు పొద్దున్నుంచీ నా కాలు ఒకచోట నిలవలేదు. తూర్పు ఢిల్లీ కోర్టులో, రాజీ గది బయట వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. నేను సర్కారు ఉచిత న్యాయ సహాయం ఆఫీసులో వకీలుని, పేరు సాయిసుధ. నాకు ఓపిక తక్కువని అందరూ అంటారు. నిజమే.

లోపల తేలాల్సింది అక్సా సంగతి. ఆ పిల్లది కాకినాడ దగ్గర ఊరు. పదహారేళ్ళప్పుడు నర్సింగ్ చదివిస్తానని ఒక ఏజెంటు ఢిల్లీ తీసుకొచ్చి, ఒక ఇంట్లో పనికి అమ్మేశాడు. మూడేళ్ళు జీతం లేదు, గడప దాటనివ్వలేదు. వేడినూనె పడి చెయ్యి కాలితే ఆస్పత్రికి తెచ్చారు. ఆ పిల్ల తెలుగులో ఏడవడం విని, అక్కడి నర్సు సరళకుమారి ఆంటీ మాకు ఫోన్ చేసింది. ఏజెంటు జైల్లో ఉన్నాడు. ఇంటావిడ మీద జీతానికీ పరిహారానికీ అక్సా తరఫున మా ఆఫీసు దావా వేసింది.

ఇప్పుడా ఇంటావిడ, అక్సా పిలిచే ‘మేడం’, రాజీకి వచ్చింది. డబ్బు ఇస్తుందట. బదులుగా, ‘నన్ను సొంత బిడ్డలా చూసుకున్నారు’ అన్న కాగితం మీద అక్సా సంతకం పెట్టాలట. పెడితే ఆ మూడేళ్ళూ జరగనట్టే.

“క్షమించెయ్యమ్మా,” అంది తోడుగా వచ్చిన సరళ ఆంటీ, అక్సా వీపు నిమురుతూ. “ఎన్నాళ్ళని కోర్టుల చుట్టూ తిరుగుతావ్? ఆ డబ్బుతో నర్సింగ్‌లో చేరిపోవచ్చు.”

“ఆంటీ, మీరు కాసేపు ఊరుకుంటారా!” అన్నాను. పెద్దావిడ మీద అరిచినందుకు వెంటనే సిగ్గేసింది.

అంతలో మమ్మల్ని లోపలికి పిలిచారు.

లోపల రాజీ కుదిర్చే రిటైర్డు జడ్జి ఒకాయన కూర్చుని ఉన్నాడు. మేం కూర్చున్నాక మేడం వచ్చింది. అంతే, అక్సా చటుక్కున లేచి గోడవారగా నిలబడింది. నేను చెయ్యి పట్టి లాగాను. కూర్చుంది. మేడం దగ్గింది. అక్సా మళ్ళీ లేచి, బల్ల మీది సీసాలోంచి గ్లాసులో నీళ్ళు పోసి ఆవిడ ముందు పెట్టింది. తారీఖులన్నీ బట్టీ పట్టించాను గానీ, లేవకూడదని చెప్పాలని నాకు తోచనేలేదు. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

“చూశారా సార్?” అన్నాడు మేడం వకీలు, ముఖం వెలిగిపోతూ. “ఎంత ప్రేమో! ఇంటి బిడ్డ.”

“అవును బేటీ,” అంది మేడం. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నిజంగానే ఉన్నాయి.

జడ్జిగారు కాగితం అక్సా వైపు జరిపారు. సరళ ఆంటీ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

అక్సా కాగితం ముట్టుకోలేదు. నిలబడే, హిందీలో మెల్లగా అడిగింది. “మేడమ్‌జీ, మీరు ఊరెళ్ళినప్పుడు నన్ను లోపల పెట్టి తాళం వేసేవారు కదా. నేహా దీదీని ఎప్పుడైనా అలా పెట్టారా?”

నేహా మేడం కూతురు.

వకీలు ఏదో అనబోతే జడ్జిగారు చేత్తోనే ఆపారు. “జవాబు ఆవిడ చెప్పాలి.”

మేడం గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. అక్సా సంతకం పెట్టకుండానే కాగితాన్ని జడ్జిగారి వైపు జరిపేసింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

జడ్జిగారు రాజీ కుదరలేదని రాసి, కేసును తిరిగి కోర్టుకు పంపించారు.

వరండాలోకి రాగానే సరళ ఆంటీ నిట్టూర్చింది. “క్షమించమన్నాను కదమ్మా.”

“క్షమించేశానాంటీ, ఎప్పుడో,” అంది అక్సా. “అది దేవుడికి చెప్పాను. జరిగింది మాత్రం కోర్టులో జడ్జికి చెప్పాలి కదా.”

తరవాత నా వైపు తిరిగింది. “మళ్ళీ డేట్ ఎప్పుడక్కా?”