ఒకరి పేరున ఒకరి ఊపిరి

రొయ్యలు వలిచే బల్ల మీదకి అచ్చాయమ్మ ఒరిగిపోయింది. గొంతులోంచి పిల్లికూతలు. క్లోరిన్ ఘాటుకి షెడ్డులో అందరి కళ్ళూ ఎర్రబడ్డాయి. అయినా మేనేజర్ శివరామకృష్ణ తలుపు తీయించలేదు. తీస్తే సరుకు పాడవుతుందట! మనిషి పాడైతే పరవాలేదన్నమాట.

"చేరినప్పుడూ మొన్నా ఊపిరి పరీక్ష చేయించాం కదా! సగటులో తేడా లేదు. ఊరికే గాలి మీద నెట్టకండి" అన్నాడు.

ఆ సాయంత్రం ఆడకూలీలు పాలకొల్లు దగ్గర తమ పేటలో చర్చి వరండాలో కూడారు. యూనియన్ తరఫున నేనూ వెళ్ళాను. తోటి కూలీ పాపాయమ్మ కూతురు మెర్సీ రాజమండ్రిలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. అందరి పరీక్ష చీటీలూ ముందేసుకుంది.

"గట్టివాళ్ళనీ నీరసంగా ఉన్నవాళ్ళనీ ఒకే కుప్ప పోస్తే అసలు సంగతి మునిగిపోతుందండి. ఎవరి ఊపిరిని వాళ్ళ పాత ఊపిరితోనే పోల్చాలి. సరే, తేడా లేదన్న కంపెనీ మాటే నిజమనుకుందాం. అప్పుడు కొందరికి కాస్త తగ్గాలి, కొందరికి కాస్త పెరగాలి. దాదాపు అందరికీ తగ్గితే మాత్రం అది ఊరికే జరిగింది కాదు."

లెక్క వేసింది. మొహం వాడిపోయింది. తగ్గినవాళ్ళకి దీటుగా పెరిగినవాళ్ళూ ఉన్నారు. అందరికన్నా ఎక్కువ పెరిగింది అచ్చాయమ్మకే!

"అత్తా, బస్సు మెట్టు కూడా ఎక్కలేవు నువ్వు. ఇదేంటి?"

చివరికి పాపాయమ్మే తెగించింది.

"మొన్న దాని కార్డు మీద ఊదింది నేనేనే. ఊదలేనోళ్ళని పన్లోంచి తీసేత్తారన్నారు. గట్టోళ్ళం రెండేసిసార్లు ఊదేం. పరీక్ష చేసే నర్సుకి కార్డు నంబరు చాలు, మా మొహాలెవరు చూశారు?"

ఒకరినొకరు కాపాడుకుందామని చేసిన పని కంపెనీకే సాక్ష్యమైంది. నిజం చెబితే మోసగత్తెలని గెంటుతారు. చెప్పకపోతే ఆ గాలిలోనే చావాలి.

"మళ్ళీ ఊదుదాం. ఈసారి ఎవరి ఊపిరి వాళ్ళే, గేటు ముందే!" అంది పాపాయమ్మ.

"పని పోతే నా పిల్లలకి నువ్వు పెడతావా?" మరో కూలీ సూర్యకళ లేచి వెళ్ళిపోయింది.

యూనియన్ అర్జీ మీద లేబర్ ఆఫీసరు వచ్చిన ఉదయం ఎవరూ లోపలికి పోలేదు. మెర్సీ తెచ్చిన ఊపిరి కొలిచే గొట్టంలో ముందుగా అచ్చాయమ్మ ఊదింది. ముల్లు లేచీ లేవనట్టు కదిలింది.

"రాసుకోండి బాబూ. ఇది నాది. మొన్న నా పేరున ఊదింది నేను కాదు."

శివరామకృష్ణకి చెమటలు పట్టాయి. "దొంగ ఊపిరి ఊదిందెవరో చెప్పండి. వాళ్ళని పంపేసి మిగతావాళ్ళని లోపలికి రానిస్తాను."

"నేనే," అంది పాపాయమ్మ. "నేను కూడా," అంది వెనక నించున్న చిన్నమ్మాయి. ఆ వెనక అందరూ అదే మాట. కంపెనీ పిలిపించిన పోలీసులు మొదట ఒప్పుకున్న పాపాయమ్మ రెక్క పట్టుకుని జీపెక్కించారు. మెర్సీ గొట్టం తుడిచి ముందుకి చాపింది.

"తర్వాత ఎవరండీ?"

లోపలికి పోదామని గేటు దాకా వెళ్ళి ఆగిపోయిన సూర్యకళ మెడలో కంపెనీ కార్డు తీసి నేల మీద పడేసింది. వెనక్కొచ్చి తన పేరు చెప్పి ఊదింది. ఆమె దగ్గు తెర ఆగకముందే ఇంకో చెయ్యి గొట్టం అందుకుంది.